బొగ్గు బండి పోయేంతసేపు

ఫిబ్రవరి 3

ఉదయం హాలు గుమ్మం ముందు చెప్పులు. మా తలుపు ఉత్తరానికి. లోపలికి వచ్చే పిల్లలు విడిచిన చెప్పులు లోపలి వైపుకి, అంటే దక్షిణానికి ఉండాలి. అన్నీ తూర్పుకి ఉన్నాయి. చిన్నవి, పెద్దవి, తెగితే పిన్నీసు పెట్టినవి, అరవై జతల దాకా — అన్నీ సముద్రం వైపుకి. ఒక జత సరిచేసి పెట్టాను. మూడో తరగతి సువార్త నీళ్ళు తాగడానికి బయటికి వచ్చింది. ఆ జతని మళ్ళీ తూర్పుకి తిప్పి లోపలికి పోయింది.

మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్ మేడం పిలిచారు. జూన్‌లో స్కూలు హైవే పక్కన కొత్త బిల్డింగులోకి మారుతోంది. కొత్త బిల్డింగుకి కొత్త కరికులమ్ కావాలట. లక్ష్యాలు, మార్గదర్శక సూత్రాలు, తరగతుల వారీగా అంశాలు, టైం టేబుల్. మార్చి ఆఖరున కమిటీ సంతకాలు.

"నువ్వు రాయమ్మా. మాట్లాడవు గానీ రాస్తావు."

నిజమే.

ఫిబ్రవరి 4

లక్ష్యం అంటే ఎక్కడికి చేరాలో. సూత్రం అంటే ఎలా పోవాలో. డి.ఎడ్. నోట్సులో ఇలాగే రాసుకున్నాను. పిల్లలు ఎక్కడ నుంచి బయలుదేరతారో మాత్రం ఆ నోట్సులో లేదు.

"విద్యార్థి సర్వతోముఖాభివృద్ధి" అని రాశాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను. అది లేని కాగితం మీద కమిటీ సంతకం పెట్టదు.

ఫిబ్రవరి 6

జూన్ నుంచి ఈ హాల్లోనే ఉన్నాను. ఇంతవరకు ఎందుకు చూడలేదు?

పదకొండున్నరకి బొగ్గు బండి. స్కూలు గోడకీ పట్టాలకీ మధ్య తుమ్మచెట్ల వరుస ఒక్కటే. ఐదారు నిమిషాలు ఎవరి మాటా వినపడదు. పాఠం ఆగుతుంది. నేను తల వంచుకుని నోటు పుస్తకాలు దిద్దుకుంటాను. ఇన్ని నెలలూ అంతే.

ఈ రోజు ఎర్ర పెన్ను కింద పడింది. తీసుకుందామని వంగాను. బెంచీల కింద పాదాలు నడుస్తున్నాయి. ఒక్కరివి కాదు, అందరివీ. కుడి, ఎడమ, కుడి. ఉన్నచోటే.

లేచి చూస్తే అందరి కళ్ళూ మూసి ఉన్నాయి.

ఫిబ్రవరి 7

పెన్ను పట్టుకోలేదు. చూస్తూ కూర్చున్నాను.

హాలు ఒకటే, తరగతులు మూడు. మూడు, నాలుగు నావి. ఐదు మేడంగారిది. మధ్యలో స్టాండు బోర్డులే గోడలు. బండి కూత దూరంగా ఉండగానే మేడం టీ కోసం ఆఫీసు గదిలోకి వెళ్ళిపోతారు. అప్పుడు ఐదో తరగతి వాళ్ళు బోర్డు అవతలి నుంచి వచ్చి మూడో తరగతి వాళ్ళ పక్కన సర్దుకుంటారు. చేతులు పట్టుకుంటారు. ఇంజను హాలు కిటికీ దాటగానే కళ్ళు మూస్తారు.

పాదాలు మొదలవుతాయి. కాసేపటికి అందరి భుజాలూ ఒకేసారి ఎడమకి ఒరుగుతాయి. ఇంకొంచెం సేపటికి అందరి తలలూ ఒకేసారి కిందికి వంగుతాయి... పైన ఏదో తగులుతుందన్నట్టు. దాటాక మళ్ళీ లేస్తాయి. తర్వాత పాదాలు ఆగుతాయి. వ్యాగన్లు నాలుగు, ఐదు పోయేంతసేపు. మళ్ళీ నడక. మళ్ళీ ఆగడం. ఈసారి అందరి పెదాలూ ఒక్కసారి కదిలాయి. చిన్న మాట.

తర్వాత మూడో తరగతి వాళ్ళు కళ్ళు తెరిచి కూర్చున్నారు. కొద్దిసేపటికి నాలుగో తరగతి. ఐదో తరగతి వాళ్ళు ఆఖరి వ్యాగన్ దాకా నడుస్తూనే ఉన్నారు.

చివర్లో షబీనా, అందరికంటే పొడుగు పిల్ల, ఏదో అడిగింది. ఐదో తరగతి వాళ్ళు తలలూపారు. బోర్డు అవతలికి వెళ్ళిపోయారు.

నేను "పేజీ నలభై రెండు" అన్నాను.

ఫిబ్రవరి 8

సాయంత్రం నాలుగుకి ఖాళీ బండి తిరిగి వచ్చింది. ఎవరూ కళ్ళు మూయలేదు. అది తొందరగా పోతుంది.

ఫిబ్రవరి 10

మధ్యాహ్నం షబీనాను ఆపాను. వాళ్ళ నాయన కాలనీ మలుపులో పరుపులు కుడతాడు. దాని జడలో ఎప్పుడూ దూది పోగులుంటాయి.

"రైలప్పుడు ఏం చేస్తుంటారు మీరందరూ?"

"ఏం లేదు టీచర్."

నేను ఊరుకున్నాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే. నేను మాట్లాడకపోతే అవతలివాళ్ళు మాట్లాడతారు.

"ఊళ్ళోకి పోతుండాం టీచర్."

"ఏ ఊళ్ళోకి?"

"పాత ఊళ్ళోకి. ఇప్పుడు బొగ్గు యార్డు ఉండాదే, ఆడ."

"మీరు పుట్టకముందే ఖాళీ చేశారు కదా దాన్ని."

"అయితే ఏంది టీచర్?"

లెక్క తప్పు చేసినదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత జాలిపడి దారి చెప్పింది. అది చెప్పినట్టే రాసుకుంటున్నాను —

"రోడ్డు కాడ దిగినాక చర్చి గోడ పట్టుకుని పోవాల. గోడ అయిపోతానే ఎడం పక్కకి. ఆడ ఒక పూరిల్లు, చూరు బాగా కిందికి ఉంటాది, తల వంచాల. వంచకపోతే కంట్లో ఆకు గుచ్చుకుంటాది. దాటినాక నల్లకుక్క. కరవదు. అది లేచి పక్కకి పోయిందాకా ఆగాల, అంతే. తర్వాత అవ్వ ఇల్లు. అవ్వ 'తిన్నారా' అని అడుగుద్ది. 'తిన్నాం' అనాల. తినకపోయినా అనాల. ఆడికి మూడో తరగతి అయిపోయె. నాలుగో తరగతి, మసీదు ముందర బోరింగు దాకా. ఐదోది, ఎండుచేపల దిబ్బ దాటి, ఇసక దాటి, సముద్రం."

"ఆఖర్న నువ్వేదో అడుగుతావు."

"కాళ్ళు తడిసినాయా అని. తడిసినాయంటే పాస్."

"అబద్ధం చెప్తే?"

"ఎందుకు చెప్తారు టీచర్?"

ఎవరు నేర్పారంటే, హైస్కూలుకి పోయిన అక్క. ఆ అక్కకి ఇంకో అక్క. మలుపు దగ్గర చెయ్యి నొక్కుతారట. ఒక ఏడాది నొక్కితే రెండో ఏడాది నొక్కనక్కర లేదట.

పోతూ పోతూ వెనక్కి తిరిగింది. "మేడంకి చెప్పబాకండి టీచర్."

చెప్పనన్నాను.

ఫిబ్రవరి 11

అదే చోట అన్ని తలలూ వంగాయి. సువార్త తల అందరికంటే కొంచెం ఆలస్యంగా వంగింది. కన్ను నలుపుకుంది.

ఫిబ్రవరి 13

ఎస్తేరమ్మ — బెల్లు కొట్టే ఆయా — పాత ఊరి మనిషి. ఈ రోజు గ్లాసులు కడుగుతుంటే పక్కన నిలబడ్డాను. అడగడానికి పావుగంట పట్టింది నాకు.

"నీకూ తెలిసిపోయిందా అమ్మే," అని నవ్వింది.

ఊరు ఖాళీ చేయించి ఈ కాలనీకి పంపిన ఏడాది, ఈ పట్టాల మీద మొదటి బండి వచ్చిన రోజట. అంత చప్పుడు ఎవరూ విని ఉండలేదు. రెండో తరగతి పిల్ల ఒకతి ఇంటికి పోతానని ఏడ్చింది. కాలనీ ఇంటికి కాదు. పక్కనున్న పిల్ల దాని చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకో, పోదాం పా, అనిందట. "ఆ బండి పోయేసరికి ఏడుపు ఆపేసింది. మర్నాడు నలుగురు. వారానికి అందరూ."

"పెద్దవాళ్ళెవరూ ఏమీ అనలేదా?"

"మేమేమంటాం? మాకు రాదది. నేను ప్రయత్నం చేసినాను. కళ్ళు మూసుకుంటే నాకు బొగ్గే కనిపించె." గ్లాసు బోర్లించింది. "మేము చూసినోళ్ళం గదా. దానివల్లేనేమో."

"ఆ అవ్వ ఎవరు?"

"గుమ్మంలో కూసునేది. దారిన పోయే వాళ్ళనెవరినైనా అడిగేది, తిన్నారా అని. కాలనీకి వచ్చినాక మంచం దిగలా. నెలకే పోయినాది." తర్వాత నన్ను కొంచెంసేపు చూసింది. "నీదే ఊరమ్మే?"

"నెల్లూరు," అన్నాను.

ఫిబ్రవరి 17

సూత్రాల పేజీ రాస్తున్నాను. తెలిసినదాని నుంచి తెలియనిదానికి. దగ్గర నుంచి దూరానికి. తేలిక నుంచి కష్టానికి. చేస్తూ నేర్చుకోవాలి. ఒక ఏడాది నేర్చింది పై ఏడాదికి మెట్టు కావాలి. పరీక్ష భయపెట్టకూడదు. పిల్లల చుట్టూ ఉన్న లోకం బడిలోకి రావాలి.

ఒక్కొక్కటి రాసి, పెన్ను పక్కన పెట్టాను. ఇవన్నీ పదకొండున్నరకి హాల్లో ఉన్నాయి. వేరే చోట ఎక్కడా నేను చూడలేదు. నా గణితం పాఠంలో లేవు. మేడంగారి ఇంగ్లీషులో లేవు. మూడు తరగతులకి మూడు మెట్లు, పెద్దది చిన్నదాని చెయ్యి పట్టుకోవడం, తప్పిన వాళ్ళు లేకపోవడం. ఎవరూ రాయలేదు. ఏ కమిటీ కూర్చోలేదు.

ఒక్క సూత్రం తిరగబడింది. తెలిసినదాని నుంచి తెలియనిదానికి — వాళ్ళు తెలియనిదాని నుంచి మొదలుపెడతారు. అది వాళ్ళకి తెలిసి ఉంటుంది.

ఫిబ్రవరి 18

షబీనా నా బల్ల దగ్గరికి వచ్చింది. తనంతట తను.

"టీచర్, కొత్త స్కూలు కాడ రైలు వినపడదంట కదా."

"వినపడదు."

"మరి ఎప్పుడు పోవాల?"

అది నిలబడే ఉంది. ఏప్రిల్‌తో దానికి ఇక్కడ చదువు అయిపోతుంది. మూడో తరగతి వాళ్ళు ఇంకా అవ్వ ఇల్లు దాటలేదు. నాలుగో తరగతి వాళ్ళకి సముద్రం రాదు. ఈ ఏడాది ఆగితే చూపించేవాళ్ళు ఉండరు.

"రాసుకుంటుండారు కదా టీచర్ కొత్త స్కూలుకి టైం టేబుల్. అందులో రాయండి."

"మేడంకి చెప్పొద్దన్నావు."

"చెప్పబాకండి. రాయండి."

ఫిబ్రవరి 20

రాశాను.

పరిసరాల విజ్ఞానం. మూడు, నాలుగు, ఐదు తరగతులు. అంశం: మన పాత ఊరు. పద్ధతి: ఊహా నడక. సమయం: పదకొండున్నర నుంచి ఆరు నిమిషాలు. కింద దారి — గోడ, ఎడమ మలుపు, చూరు, కుక్క, అవ్వ, బోరింగు, దిబ్బ, ఇసుక, సముద్రం.

బాగుంది. అందంగా ఉంది పేజీ. చాలాసేపు చూసుకున్నాను. ఎవరి డైరీనో తెరిచి బల్ల మీద పెట్టినట్టు కూడా ఉంది.

ఫిబ్రవరి 21

వాళ్ళ మధ్య కూర్చున్నాను. బెంచీ చిన్నది, మోకాళ్ళు తగిలాయి. సువార్త ఏమీ అడగకుండా చెయ్యి ఇచ్చింది. తడి చెయ్యి, చాక్‌పీసు వాసన.

కళ్ళు మూశాను. బండి శబ్దం. నలుపు. చర్చి గోడ అనుకున్నాను... నలుపు. సువార్త ఎడమకి లాగింది. నొక్కింది. వంగాను. ఏమీ లేదు. పక్కన ఎవరో ముక్కు ఎగబీల్చిన కదలిక భుజానికి తగిలింది. కుక్క వాసనేమో. నాకు రాలేదు.

"తిన్నాం," అన్నారు అందరూ. అంత చప్పుడులోనూ వినపడింది.

నన్నెవరూ 'తిన్నారా' అని అడగలేదు.

ఫిబ్రవరి 24

మేడం ఆ పేజీ రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీశారు.

"ఎంత బాగా రాసినావమ్మా! స్థానికత, స్థానికత అని ట్రైనింగుల్లో చెవులు చిల్లులు పడేట్టు చెప్తారు. ఇదిగో స్థానికత!"

కొత్త బిల్డింగు కట్టించే కంపెనీ ఆఫీసరు గారికి ఫోను. స్పీకరులో ఆయన గొంతు — "వెరీ గుడ్ మేడం, గోడ మీద బొమ్మ వేయిద్దాం, బాణాలు పెట్టి." వరండా గోడ మొత్తం. ప్రారంభోత్సవం రోజు పిల్లలు దాని ముందు నిలబడి ఒక్కొక్కటీ చెప్తారు.

"యూనిట్ టెస్టులో కూడా పెట్టేద్దాం. 'పాత ఊరిలోని ప్రదేశాలను వరుసక్రమంలో రాయుము.' ఐదు మార్కులు. అవుట్‌కమ్ చూపించాల కదా."

వద్దు అనాలి. రెండక్షరాలు. నోట్లోకి వచ్చాయి. మేడం సంతోషంగా ఉన్నారు. నేను తలూపాను.

ఫిబ్రవరి 27

టెస్టు.

యాభై ఎనిమిది కాగితాలు. మూడో తరగతివి, నాలుగోవి, ఐదోవి. చర్చి గోడ. ఎడమ. చూరు. కుక్క. కుక్క దగ్గర ఆగిపోయాయి. అన్నీ. కింద ఖాళీ. సముద్రం దాకా రోజూ పోయే పిల్లలవి కూడా. షబీనాది కూడా.

చూసి రాశారనడానికి లేదు. దూరదూరంగా కూర్చోబెట్టింది నేనే. బండి లేదు అప్పుడు. అంత నిశ్శబ్దంలో యాభై ఎనిమిది పెన్సిళ్ళు ఒకేసారి ఆగడం విన్నాను.

ఫిబ్రవరి 28

షబీనాను అడిగాను. నా మొహం చూడలేదు.

"అవ్వ అడగలా టీచర్."

"రాసేదానికి అడగడం ఎందుకు? దారి తెలుసు కదా నీకు."

"అడగకుండా ముందుకి పోకూడదు."

పదకొండున్నరకి బండి వచ్చింది. పాదాలు, ఎడమ, తలలు, కుక్క. తర్వాత నాలుగడుగులు. ఆగాయి. పెదాలు కదలలేదు. బండి పోతూనే ఉంది. ఐదో తరగతి వాళ్ళు కూడా అక్కడే. ఎవరూ కళ్ళు తెరవలేదు. ఆఖరి వ్యాగన్ పోయింది.

"గుమ్మంలో ఉండాదా?" అన్నాను షబీనాతో. ఎస్తేరమ్మలా పలికాను, తెలియకుండానే.

"ఉండాది టీచర్. కూర్చునే ఉండాది. మన పక్క చూడ్డంలా."

మార్చి 3

ఈ రోజూ అక్కడే.

మార్చి 4

అక్కడే.

మార్చి 6

సువార్త బడికి రాలేదు. వాళ్ళమ్మ వచ్చింది, పొలం పని నుంచి తిన్నగా, కాళ్ళకి బురదతో. "ఏం చెప్తుండారు టీచరమ్మా మీరు? అన్నం ముందర కూర్చుని ముద్ద ఎత్తడంలా. అడిగితే, అవ్వ అడగందే ఎట్ల తినాల అంటది. మా ఇంట్లో ఏ అవ్వా లేదే!"

మేడం నా వైపు చూశారు. నేను నేల వైపు.

"జ్వరమేమో చూపించమ్మా," అన్నారు మేడం.

మార్చి 7

నేను పాడుచేశాను. ఇక్కడైనా రాయాలి.

చెప్పనని చెప్పాను. రాయమంది కదా అని రాశాను. రాయడమూ చెప్పడమే. నా మటుకు అవి రెండూ వేరు అనుకుంటూ బతికాను. ఏ కాగితం మీద పెట్టినా అది ఇంకొకరి బల్ల మీదికి పోతుంది. అక్కడ ఐదు మార్కులవుతుంది.

తీసేస్తే — కొత్త బిల్డింగులో బండి లేదు, టైం టేబుల్లో చోటు లేదు. జూన్‌తో సరి.

ఉంచితే — అవ్వ ఇటు చూడదు.

మార్చి 11

వరండా గోడ మీద పెయింటరు సున్నంతో గీతలు గీస్తున్నాడు, కొత్త బిల్డింగు గోడకి ముందు ఇక్కడ నమూనా చూస్తారట. చర్చి, పూరిల్లు. కుక్కని బాగా వేశాడు. "తర్వాత ఏం వెయ్యాల మేడం?" అని నన్ను అడిగాడు. అవ్వ ఎలా ఉంటుందని. చీర రంగు ఏమిటని.

తెలియదన్నాను. ఆకుపచ్చ వేస్తానన్నాడు.

పిల్లలు ఇంటర్వెల్లులో ఆ వరండా నుంచి పోవడం మానేశారు. వెనక తుమ్మచెట్ల పక్క నుంచి తిరిగి పోతున్నారు. ముళ్ళు.

మార్చి 17

సువార్త వచ్చింది. చిక్కింది. మధ్యాహ్న భోజనం దగ్గర పళ్ళెం పట్టుకుని నా ముందు నిలబడింది. నేను చూస్తుంటే తింది. నేను అటు తిరిగితే ఆపింది.

మార్చి 24

శుక్రవారం కమిటీ.

మేడం గదికి వెళ్ళాను. తలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో. లోపలి నుంచి ఆమే అన్నారు, "రా అమ్మా, నీ నీడ ఇందాకట్నుంచి కనపడుతుంది."

"ఆ పేజీ తీసేస్తాను మేడం."

"ఏ పేజీ?"

"పాత ఊరు."

కోపం రాలేదు ఆమెకి. వస్తే తేలిగ్గా ఉండేది. "ఎందుకమ్మా? పిల్లలు టెస్టులో రాయలేదనా? నేర్పిద్దాం. వచ్చే ఏడాదికి బట్టీ పట్టేస్తారు. గోడ మీద బొమ్మ కూడా ఉంటాది."

"రాదు మేడం. నేర్పితే రాదు."

"నేర్పితే రానిది బడి దేనికి మరి?"

దానికి జవాబు తెలిస్తే ఈ డాక్యుమెంటు మొదటి పేజీ అదే అయ్యేది. "తీసేస్తాను మేడం," అన్నాను మళ్ళీ. ఇంత గట్టిగా ఎప్పుడు మాట్లాడానో గుర్తులేదు. బయట ఎస్తేరమ్మ చీపురు ఆగింది.

"రాసింది నువ్వు. తీసేది నువ్వు. ఆఫీసరు గారికి ఏం చెప్పాలో కూడా నువ్వే రాసియ్యి."

రాసిచ్చాను. "చారిత్రక ఆధారాలు లభ్యం కానందున." మేడం చదివి నిట్టూర్చారు. "అబద్ధం కూడా ఎంత చక్కగా రాస్తావే."

టైం టేబుల్ మళ్ళీ తీసుకుని చూశారు. పదకొండున్నర నుంచి పదకొండు ముప్పై ఆరు దాకా గడిలో ఏమీ లేదు.

"ఇదేంది?"

"ఖాళీ మేడం."

"ఖాళీ అంటే? కమిటీ అడిగితే?"

"బోర్డు తుడవడానికి."

"ఆరు నిమిషాలు తుడుస్తావా బోర్డు!" నవ్వేశారు. కొట్టెయ్యలేదు.

మార్చి 28

సంతకాలయ్యాయి. లక్ష్యాలు ఎనిమిది, సూత్రాలు పదకొండు. ఎవరూ చదవలేదు. కరస్పాండెంటు గారు చిన్న ప్రార్థన చేశారు. బిస్కెట్లు.

ఖాళీ గడి గురించి ఎవరూ అడగలేదు.

మార్చి 29

వరండా గోడకి సున్నం వేశారు. కుక్క ఇంకా లీలగా కనపడుతోంది.

బండి వచ్చింది. కుక్క దాటి నాలుగడుగులు. ఆగారు.

పేజీ తీసేశాను కదా. ఇంకా ఏం తీయాలి?

ఏప్రిల్ 9

అక్కడే. అందరూ. రోజూ. ఇప్పుడు మూడో తరగతి వాళ్ళు బండి పోయాక కూడా వెంటనే కళ్ళు తెరవడం లేదు. పేర్లు పెట్టి పిలవాలి. మొన్న ఒకర్ని మూడుసార్లు పిలిచాను.

ఏప్రిల్ 16

షబీనా, ఇంకో ఇద్దరు ఐదో తరగతి ఆడపిల్లలు వచ్చారు. ముందే మాట్లాడుకున్నట్టున్నారు, వరసగా నిలబడ్డారు.

"టీచర్, మీరు కూర్చోండి."

"కూర్చునే ఉన్నానుగా."

"ఈడ కాదు. ఆడ. గుమ్మంలో."

అర్థం కానట్టు చూశాను. అర్థమైంది.

"అవ్వ మూతి ముడుచుకోనుంది. మేము అడిగినాం, పలకడంలా," అంది రెండో పిల్ల. "పెద్దోళ్ళెవరో ఒకరు అడగాల టీచర్. ఎవరడిగినా పోవచ్చు, అడగాల అంతే."

"ఎస్తేరమ్మని అడగమనండి."

"ఎస్తేరమ్మకి బొగ్గే కనపడుతుందంట."

"నాకూ ఏమీ కనపడలేదమ్మా. మీతో కూర్చున్నానుగా ఆ రోజు."

షబీనా ఆలోచించింది. "కనపడాల్సిన పన్లేదు టీచర్. మీరు నడిచే పని లేదు కదా. కూర్చోని అడగడమే."

"తప్పుచేసింది నేనే కదా."

"అందుకే," అంది. తిట్టినట్టు లేదు. వంతు గుర్తుచేసినట్టుంది.

ఏప్రిల్ 17

నేను అడగలేదు. అడుగుదామనే హాలు ముందు, బోర్డు కింద, నేల మీద కూర్చున్నాను. గుమ్మంలో కూర్చున్నట్టు. బండి వచ్చింది. పాదాలు నా వైపుకి నడిచాయి. ఎడమకి. తలలు వంగాయి. కుక్క. నాలుగడుగులు.

ఆగారు. యాభై ఎనిమిది మొహాలు, కళ్ళు మూసినవి, నా వైపుకి ఎత్తి ఉన్నాయి. ఎదురుచూస్తూ. ఒక్కరు కూడా పక్కకి లేరు, అందరూ సరిగ్గా నా మొహం ఉన్నచోటికే.

నోరు తెరిచాను. నాకు మెడ వెనక గాలి తగిలింది. తలుపు తీసి ఉన్న ఇంట్లో నుంచి వచ్చినట్టు. వెనక ఉన్నది బోర్డు, దాని వెనక గోడ.

మాట రాలేదు. బండి పోయింది.

"ఫరవాలేదు టీచర్," అంది సువార్త. కళ్ళు తెరవకుండానే.

ఏప్రిల్ 19

వారమంతా పాఠాలు లేవు. రికార్డులు అట్టపెట్టెల్లో కడుతున్నాం. కొత్త బిల్డింగు చూసొచ్చాను. చాలా బాగుంది. గాజు కిటికీలు. ఎంత నిశ్శబ్దమంటే చెవుల్లో రక్తం పారడం వినపడింది. పదకొండున్నరకి గడియారం చూసుకున్నాను. ఆరు నిమిషాలు చాలా పొడుగు.

ఏప్రిల్ 22

రేపు ఆఖరి రోజు. ఈ హాల్లో ఆఖరి బండి. షబీనా ఈ సాయంత్రం గుమ్మం దాకా వచ్చి నన్ను ఒకసారి చూసి పోయింది.

ఒక్క మాట. తిన్నారా. కిటికీ దగ్గర నిలబడి అని చూసుకున్నాను. మొదటిసారి టీచరు అడిగినట్టు వచ్చింది. రెండోసారి సిస్టర్ అడిగినట్టు, హాస్టల్లో, పళ్ళేలు లెక్కపెడుతూ. మూడోసారి ఎవరి గొంతో తెలియలేదు, ఆపేశాను.

అడిగితే దారి తెరుచుకుంటుందో లేదో. తెరుచుకున్నా, జూన్‌లో ఆ గాజు కిటికీల వెనక, ఏ శబ్దమూ లేని ఆరు నిమిషాల్లో పోగలరో లేదో. షబీనా తర్వాత సముద్రం దాకా చెయ్యి పట్టుకునేది ఎవరో. నాకు తెలియదు. రాసి ఉంచడానికి ఏమీ లేదు.

ఎస్తేరమ్మతో నెల్లూరన్నాను గానీ, ఆ పాత ఊళ్ళో మాకూ ఇల్లుండేది. ఖాళీ చేసిన రోజు నేను నెల్లూరులో, కాన్వెంటు హాస్టల్లో ఉన్నాను. ఆ రోజు సోషల్ పరీక్ష.